ఓడల కంటే ముందు రేవులు: యూరోపా యూనివర్సాలిస్ 4లో సముద్ర యుద్ధం ఆడే పద్ధతి

నేను టెక్కలి దగ్గర ఒక బియ్యం గోదాములో లెక్కలు రాస్తాను. లారీ వచ్చి ఆగితే బస్తాలు లెక్కపెట్టాలి, తూకం చూడాలి, తరుగు రాయాలి. మిల్లు దగ్గర 50 కిలోలుగా బయల్దేరిన బస్తా మా దగ్గరికొచ్చేసరికి కొంత తగ్గుతుంది. గోనెకు చిల్లు పడొచ్చు, హమాలీ కొక్కెం గుచ్చుకోవచ్చు, తేమ ఆరిపోవచ్చు, ఎలక తినొచ్చు. దొంగ ఎవరూ లేకపోయినా సరుకు తగ్గుతుంది. రాత్రి భోజనం అయ్యాక నేను ఆడే ఆట యూరోపా యూనివర్సాలిస్ 4. పాతకాలం రాజ్యమొకటి ఎంచుకుని, దాన్ని ఏలుతూ యుద్ధాలు నడిపే కంప్యూటర్ ఆట అది. అందులో ఎట్రిషన్ అనే మాట చాలామందిని తికమక పెడుతుంది. నాకు మాత్రం మొదటి రోజే బోధపడింది. మా గోదాము పుస్తకంలో నేను రోజూ రాసే తరుగే అది. నెల తిరిగేసరికి కత్తి దెబ్బ తగలకుండానే సైన్యంలో మనుషులు తగ్గుతారు, ఫిరంగి పేలకుండానే ఓడ చెక్క అరుగుతుంది.

కొత్తగా ఆడేవాళ్ళు ఎప్పుడూ అడిగే ప్రశ్న, "ఎన్ని ఓడలు కట్టాలి?" అని. ముందు అడగాల్సింది అది కాదు. "నా ఓడలు ఏ రేవులో ఆగుతాయి?" అని అడగాలి. ఆ జవాబు తెలిస్తే ఎన్ని ఓడలు కావాలో దానంతటదే తేలుతుంది. నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే ఉంటుంది.

ఆ ప్రశ్న నాకు నేర్పింది మా మావ. మాది భావనపాడు వైపు. మావ విశాఖ ఫిషింగ్ హార్బరులో మరబోటు మీద ఏళ్ళ తరబడి సరంగుగా చేశాడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం కదా, ఆ రోజుల్లో ఊరొచ్చి మా ఇంట్లో ఉండేవాడు. ఒక రాత్రి నా వెనక కూర్చుని ఆట చూస్తున్నాడు. తెర మీద నా ఓడలు ఒరిస్సా తీరం వదిలి నడిసముద్రంలోకి వెళ్తున్నాయి.

"ఓరల్లుడా, ఎన్రోజులకి ఎల్తన్నాయి ఆ ఓడలు?"

"యుద్ధం అయ్యేదాకా మావా."

"యుద్ధం ఎప్పుడవుద్దో నీకెలా తెలుసు? డీజిలెంతేసినావు, ఐసెంతేసినావు?"

ఈ ఆటలో డీజిలు, ఐసు ఉండవని చెప్పాను. "ఏదోటి ఉంటాది, సూడు," అన్నాడు. చూశాను. ఉంది.

వేటకెళ్ళేటప్పుడు డీజిలును మూడు వంతులు చేసుకుంటానని మావ చెప్పాడు. వెళ్ళడానికి ఒక వంతు, వేటకి ఒక వంతు, తిరిగి రావడానికి ఒక వంతు. మూడో వంతు మీద చెయ్యి పడబోతోందంటే వల ఎంత బరువుగా ఉన్నా బోటు తిప్పేయాల్సిందే. కళాసీలు ఎంత గోల పెట్టినా వినడు. ఈ ఆటలో ఓడ పక్కన ఒక శాతం కనిపిస్తుంది, దాని ఒంటి బలం అన్నమాట. రేవులో పూర్తిగా బాగయ్యాక అది 100. నాకు డీజిలు అంటే ఆ 100. అప్పటి నుంచీ దాన్ని కూడా మూడు వంతులుగానే చూస్తున్నాను.

తరుగు ఎలా పడుతుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. మీ తీరాన్ని ఆనుకుని ఓడలు తిరుగుతున్నంతసేపు పెద్దగా నష్టం లేదు. పరాయి నీళ్ళలోకి, నడిసముద్రంలోకి వెళ్తే నెలనెలా ఓడ బలం తగ్గుతుంది. మీ రేవుల నుంచి ఇంత దూరం దాకా అని ఆట ఒక హద్దు గీస్తుంది. దాన్నే నేవల్ సప్లై రేంజ్ అంటారు. ఆ హద్దు దాటితే తరుగు ఇంకా పెరుగుతుంది. ఈ కోత నెల మారినప్పుడు పడుతుంది కాబట్టి, నెలాఖరున ఓడలు రేవులో ఉన్నాయా, నీళ్ళ మీద ఉన్నాయా అన్నదే లెక్క. 28వ తేదీన రేవుకి రెండు రోజుల దూరంలో ఉంటే ముందు లోపలికి రండి, ఒకటో తేదీ దాటాక బయటికెళ్ళండి. డిప్లొమాటిక్ టెక్నాలజీ పెరిగేకొద్దీ హద్దు దూరం జరుగుతుంది. అది జరిగేదాకా ఆగలేకపోతే రెండు దారులున్నాయి. ఆ దిక్కున మీకంటూ ఒక తీర ప్రాంతం సంపాదించాలి, లేదా ఆ దిక్కున ఉన్న రాజ్యంతో స్నేహం చేసి ఫ్లీట్ బేసింగ్ రైట్స్ అడగాలి. వాళ్ళ రేవు మనం వాడుకునే ఒప్పందం అది. వాళ్ళ దగ్గర ఓడలు ఆపుకోవచ్చు, బాగు చేసుకోవచ్చు, మన హద్దూ అక్కడి నుంచి ముందుకి జరుగుతుంది. ఈ ఒప్పందం విలువ పది హెవీ షిప్పుల కంటే ఎక్కువని నా గట్టి నమ్మకం.

ఆట 1444 నవంబరు 11న మొదలవుతుంది. నేను ఎప్పుడూ ఒరిస్సానే ఎంచుకుంటాను. మన తీరాన్ని ఏలిన గజపతుల రాజ్యం అది. పొడుగు తీరం ఉంటుంది, ఈశాన్యంలో బెంగాల్, దక్షిణంలో విజయనగరం, పడమర బహమనీలు ఉంటారు. మొదటి పదేళ్ళు సముద్రం జోలికి పోనక్కర్లేదు. నేల మీద ఇల్లు చక్కబెట్టుకోండి. ఆ పదేళ్ళలోనే తీర ప్రాంతాల్లో డాక్ కట్టడం మొదలుపెట్టండి. ఓడలకి సెయిలర్లు కావాలి, సెయిలర్లు తీర ప్రాంతాల నుంచే వస్తారు, డాక్ ఉన్నచోట ఎక్కువమంది వస్తారు. ఓడ కట్టడానికే కాదు, దెబ్బతిన్న ఓడ బాగవ్వాలన్నా వాళ్ళు కావాలి. ఖజానా నిండా డబ్బుండీ సెయిలర్లు సున్నా అయిపోయి ఓడలు సగం బలంతో రేవులో పడి ఉండటం చూశాను. మన ఊళ్ళలోనూ ఇదే పరిస్థితి. కుర్రాళ్ళంతా గుజరాత్‌లోని వేరావల్‌కి వేట పనికి వలసపోతే ఇక్కడ తీరం మీద బోట్లు ఖాళీగా ఉంటాయి. బోటు ఉంటే చాలదు, మనిషి ఉండాలి. షిప్‌యార్డు వేరే సంగతి. ఎన్ని ఓడలు భారం లేకుండా పోషించగలమనే నేవల్ ఫోర్స్ లిమిట్ దానితో పెరుగుతుంది. ముందు డాక్, తర్వాత షిప్‌యార్డు. ఈ వరస తిరగేసినవాళ్ళే సెయిలర్లు చాలక ఇబ్బంది పడుతుంటారు.

ఓడలు నాలుగు రకాలు. హెవీ షిప్పులు ఖరీదైనవి, యుద్ధం తేల్చేవి అవే. లైట్ షిప్పులు వర్తకానికి. శాంతి కాలంలో వాటిని ప్రొటెక్ట్ ట్రేడ్ పని మీద పంపితే సంపాదించి పెడతాయి, కానీ యుద్ధం మొదలయ్యే ముందు రేవుకి పిలిచేయండి, లేకపోతే అక్కడొకటి ఇక్కడొకటి చిక్కి పోతాయి. గ్యాలీలు చవక. మధ్యధరా, బాల్టిక్ లాంటి లోపలి సముద్రాల్లో వాటి పోరాట బలం రెట్టింపు. బంగాళాఖాతం అలాంటి సముద్రం కాదు. చవకగా ఉన్నాయని ఇక్కడ గ్యాలీలు కట్టి మోసపోకండి. నాలుగోది ట్రాన్స్‌పోర్ట్. ఒక్కో ఓడకి ఒక్కో రెజిమెంటు ఎక్కుతుంది, అంటే 1000 మంది. పోరాటంలో అది కోడిపిల్లతో సమానం.

ఇప్పుడు నేను ఓడిన యుద్ధం చెబుతాను, ఎందుకంటే నేర్చుకున్నదంతా అందులోనే ఉంది.

ఆటలో అప్పటికి 1510లు దాటాయి. మలక్కా మీద కన్నేశాను. వర్తకమంతా ఆ జలసంధి గుండానే పోతుంది, అది చేతికొస్తే బంగాళాఖాతం మనదే అనుకున్నాను. 14 రెజిమెంట్లు, 14 ట్రాన్స్‌పోర్టులు, 8 హెవీలు, 10 లైట్లు. అన్నీ కలిపి ఒకే గుంపుగా కట్టి పంపాను. మావ ఆ ప్రశ్న అడిగింది ఈ ఓడల్ని చూసే. సముద్రం దాటేసరికే ఓడల బలం 90ల్లోంచి 80ల్లోకి దిగింది. మలక్కా ఓడలు రేవులోంచి బయటికి రాలేదు. వస్తాయని జలసంధిలో కాపు కాశాను. ఒక నెల, రెండు నెలలు, నాలుగు నెలలు గడిచాయి. నా దగ్గరి రేవు బంగాళాఖాతానికి అవతలి ఒడ్డున ఉంది, వాళ్ళ రేవు నా ఎదురుగానే ఉంది. నా ఓడల శాతాలు 60ల్లోకి వచ్చాక వాళ్ళు బయటికొచ్చారు, ఒక్కటి కూడా తరగని ఓడలతో. ఏడు రోజులు పోరు సాగాక నా వరస విరగడం మొదలైంది. ఒక ఓడ మునిగితే మిగతా అన్నింటికీ ధైర్యం పడిపోతుంది, మొరేల్ అనేది అలా పనిచేస్తుంది. పారిపొమ్మని నొక్కాను. రేవు ఎక్కడుంది? సముద్రానికి ఆ చివర. సగం దారిలో వాళ్ళు మళ్ళీ పట్టుకున్నారు. ట్రాన్స్‌పోర్టులు అదే గుంపులో ఉన్నాయి కాబట్టి 14 రెజిమెంట్లు నేల మీద కాలు పెట్టకుండానే నీళ్ళలో కలిసిపోయాయి.

మావ అంతా చూసి ఒకే మాట అన్నాడు. "మూడో వంతు తినీసినావురా."

పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఈసారి యుద్ధం ప్రకటించడానికి మూడేళ్ళ ముందే దూతని పెగుకి పంపి సంబంధాలు పెంచాను, తర్వాత ఫ్లీట్ బేసింగ్ రైట్స్ అడిగాను. పెగు బర్మా తీరంలో ఉంది, మలక్కాకి సగం దారి. ముందుగా యుద్ధ ఓడల్నే అక్కడికి పంపి నిలిపాను. దారిలో పోయిన బలమంతా రేవులో తిరిగొచ్చింది. ఓడల సంఖ్య పెంచలేదు, మునిగినవాటి స్థానంలో కొత్తవి కట్టానంతే. ట్రాన్స్‌పోర్టుల్ని నా తీరం దాటనివ్వలేదు. 100 శాతం బలంతో పెగు నుంచి దిగి, దగ్గరికెళ్ళి పోరాడి, ఒకటో తేదీకి ముందే పెగు రేవులోకి వచ్చేశాను. దెబ్బతిన్నవి బాగు చేసుకుని మళ్ళీ దిగాను. రెండో పోరులో వాళ్ళ ఓడలు చెదిరిపోయాయి. సముద్రం ఖాళీ అయ్యాకే ట్రాన్స్‌పోర్టులు కదిలాయి.

పోరు దగ్గర చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పోరులో ఒకేసారి ఎన్ని ఓడలు ముందు వరసలో నిలబడగలవో దానికి ఒక వెడల్పు ఉంటుంది, మొదట్లో అది 25. హెవీ షిప్పు 3 చోట్లు తీసుకుంటుంది, మిగతావి తలా ఒకటి. అంటే 8 హెవీలు పెడితే 24 అయిపోతుంది, ఇంకొక్క చిన్న ఓడకి చోటుంటుంది. ఆపైన ఎన్ని పంపినా అవి వెనక నిలబడి ఎదురు చూస్తుంటాయి. అందుకే 20 హెవీలు కట్టి అన్నింటినీ ఒకేచోట తోయడం దండగ. 8 పోరులో, 4 దగ్గరి రేవులో పూర్తి బలంతో ఉంచితే ఆ నాలుగే మీ ప్రాణం కాపాడతాయి. పోరులో ఆట తనే వేసే పాచిక 0 నుంచి 9 దాకా పడుతుంది, అదృష్టం మన చేతిలో లేదు. అడ్మిరల్ మన చేతిలోనే ఉన్నాడు. అడ్మిరల్ లేకుండా పెద్ద పోరుకి వెళ్ళకండి. నేవల్ మెయింటెనెన్స్, అంటే ఓడల పోషణ ఖర్చు, దాని మీట శాంతి కాలంలో కిందికి లాగి డబ్బు మిగుల్చుకుంటాం కదా, యుద్ధానికి కొన్ని నెలల ముందే దాన్ని పైకి నెట్టండి. మొరేల్ ఒక్క రోజులో నిండదు. ఈ ఒక్కటి మరిచిపోయి ఎన్నోసార్లు యుద్ధం ప్రకటించాక నాలిక కరుచుకున్నాను.

శత్రువు రేవులో దాక్కుంటే నీళ్ళ మీద కాపు కాయడం పొరపాటని ఇందాకే చెప్పాను. రేవులో ఉన్న ఓడల మీద దాడి చేయడానికి ఆట ఒప్పుకోదు. వాటిని బయటికి రప్పించే దారి నేల మీద నుంచే ఉంది. ఆ రేవు ఉన్న ప్రాంతాన్ని మీ సైన్యం పట్టుకుంటే లోపలున్న ఓడలు బయటికి రాక తప్పదు. అవి వచ్చే సమయానికి మీ ఓడలు పూర్తి బలంతో ఆ నీళ్ళలో ఉండాలి. ముట్టడి మీటరు చూస్తూ ఉండండి. కోట పడబోతోందని అనిపించినప్పుడే ఓడల్ని రేవులోంచి బయల్దేరదీయండి, ముట్టడి మొదలైన రోజునే కాదు.

సైన్యాన్ని దించడం ఒక విద్య. ఓడ నుంచి నేరుగా శత్రు సైన్యం మీదికి దిగితే పాచిక మీద 2 తగ్గుతుంది, నది దాటి కొట్టినదానికంటే ఎక్కువ శిక్ష ఇది. కాబట్టి పక్కనున్న ఖాళీ ప్రాంతంలో దిగి, అక్కడి నుంచి నడిచి వెళ్ళండి. కోట లేని చిన్న తీర ప్రాంతం ఏదైనా ఉంటే మొదట దాన్నే పట్టుకోండి, ఎందుకంటే ఇప్పుడది మీ రేవు. దిగడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ రోజులన్నీ ట్రాన్స్‌పోర్టులు అక్కడే నిలబడాలి. వాటి చుట్టూ కాపలా లేకుండా ఆ రోజులు గడవనివ్వకండి. సైన్యాన్ని తనంతట తానే ఓడలెక్కించి దించే ఏర్పాటు ఆటలో ఉంది, తీరం వెంబడి చిన్న ప్రయాణాలకి అది బాగుంటుంది. యుద్ధంలో మాత్రం నేను చేత్తోనే చేస్తాను.

దిగాక మళ్ళీ తరుగు లెక్కే, ఈసారి నేల మీద. ప్రతి ప్రాంతానికీ సప్లై లిమిట్ అని ఒక అంకె ఉంటుంది, ఆ నేల ఎన్ని రెజిమెంట్లకి తిండి పెట్టగలదో చెబుతుంది. బాగా అభివృద్ధి చెందిన ప్రాంతం ఎక్కువ పెడుతుంది, అడవి తక్కువ పెడుతుంది, శత్రువు నేల ఇంకా తక్కువ. రెండో యుద్ధంలో నేను 18 రెజిమెంట్లు దించాను. అక్కడి అంకె 11. మొదటి నెలాఖరున పోయినవాళ్ళ లెక్క చూసి గుండె జారింది. వెంటనే మూడు ముక్కలు చేశాను. కోట చుట్టూ ముట్టడికి చాలినంత మంది, పక్క ప్రాంతంలో కొందరు, ఓడల దగ్గర మిగిలినవాళ్ళు. అందరూ రెండు మూడు రోజుల నడకలోనే ఉన్నారు, శత్రు సైన్యం కనబడితే కలుస్తారు, నెల మారే ముందు విడిపోతారు. సైన్యాన్ని విడదీయడం బలహీనత కాదు. తిత్లీ తుపాను వచ్చిన వారం నాకు అది కళ్ళారా అర్థమైంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. జీడితోటలు, కొబ్బరితోటలు నేల మీద పడుకున్నాయి. మా గోదాములో బియ్యం నిండుగా ఉంది. రెండు కిలోమీటర్ల అవతల ఊళ్ళో పొయ్యి వెలగలేదు. మధ్యలో రోడ్డు మీద చెట్లు. లారీ మీద 200 బస్తాలు వేసుకుని బయల్దేరితే మొదటి చెట్టు దగ్గరే ఆగిపోయింది. ఊరి కుర్రాళ్ళు గొడ్డళ్ళు పట్టుకుని ముందు నడుస్తుంటే, మేం చిన్న ఆటోల్లో పదేసి బస్తాలు వేసుకుని దారి దొరికినచోట నుంచి వెళ్ళాం. ఒకే లారీని నమ్ముకుని ఉంటే ఆ రోజు ఆ ఊరికి తిండి లేదు. అందుకే ఆటలో సప్లై లిమిట్ అంకె చూసినప్పుడల్లా నాకు అది కేవలం అంకెలా కనిపించదు.

దిగ్బంధం గురించి కొద్దిగానే చెబుతాను. యుద్ధంలో శత్రువు తీరం ముందు ఓడలు నిలిపితే బ్లాకేడ్ దానంతటదే పడుతుంది. వాళ్ళ రాబడి తగ్గుతుంది, యుద్ధ అలసట పెరుగుతుంది, మన వార్ స్కోరు, అంటే యుద్ధంలో పైచేయి ఎవరిదో చెప్పే అంకె, కొద్దిగా లేస్తుంది. తీరంలో ఉన్న కోటని ముట్టడించేటప్పుడు దాని రేవుని మూయకపోతే ముట్టడి సాగుతూనే ఉంటుంది, ఎందుకంటే సముద్రం వైపు నుంచి లోపలికి సాయం అందుతోందని ఆట లెక్క. ఈ పనికి మంచి హెవీలు వాడి అరగదీయకండి. పోరు గెలిచి సముద్రం ఖాళీ అయ్యాక లైట్ షిప్పులు చాలు, వాటినీ వంతులవారీగా రేవుకి తిప్పుతూ ఉండండి.

ఇంత చెప్పాక ఈ ఆటలో నాకు వెలితిగా ఉన్నది కూడా చెప్పాలి. పరాయి నేల మీద దిగిన సైన్యానికి ఇంటి నుంచి సముద్రం మీదుగా వచ్చే సరఫరా దారిని ఆట విడిగా చూడదు. మీ ఓడలన్నీ మునిగిపోయినా అక్కడి సైన్యానికి నెలనెలా కొత్త మనుషులు చేరుతూనే ఉంటారు, తిండి ఆ నేల సప్లై లిమిట్ మీదే నడుస్తుంది. చరిత్ర అలా నడవలేదు. అందుకు రుజువు మన తీరంలోనే ఉంది. 1758లో మన ఉత్తరాంధ్ర విజయనగరం రాజు ఆనంద గజపతి పిలిస్తే ఈస్టిండియా కంపెనీ కర్నల్ ఫోర్డ్ కలకత్తా నుంచి సముద్రం మీద వచ్చి విశాఖపట్నంలో దిగాడు. ఆ రేవు రాజు చేతిలో ఉండబట్టే దిగగలిగాడు. ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళని ఓడించాడు. గెలిచిన వెంటనే మచిలీపట్నం మీదికి పోలేకపోయాడు, సైన్యానికి ఇవ్వాల్సిన డబ్బు అందక వారాల తరబడి నిలిచిపోయాడు. మచిలీపట్నం 1759 ఏప్రిల్‌లో గానీ పడలేదు. పోరు ఒక్క రోజులో తేలింది, సరఫరా నెలలు తినేసింది.

1804 సెప్టెంబరు 15 కూడా మన విశాఖదే. ఫ్రెంచి అడ్మిరల్ లినోయి 74 ఫిరంగుల మరెంగోతో, ఇంకో రెండు ఫ్రిగేట్లతో వచ్చి రేవు ముందున్న 50 ఫిరంగుల బ్రిటిష్ ఓడ సెంచూరియన్ మీద పడ్డాడు. ఒక వర్తక ఓడని పట్టుకున్నాడు, ఇంకొకటి ఒడ్డుకెక్కి పగిలింది. సెంచూరియన్‌ని మాత్రం ముంచకుండానే వెళ్ళిపోయాడు. బలం ఎక్కువ ఉండీ ఎందుకు వదిలేశాడని చదివినప్పుడు మొదట ఆశ్చర్యపోయాను. అతని రేవు మారిషస్‌లో ఉంది. మరెంగో స్తంభమే విరిగితే బాగు చేసుకోవడానికి హిందూ మహాసముద్రంలో సగం దాటాలి. మావ అయితే వెంటనే చెప్పేవాడు, మూడో వంతు ముట్టుకోలేదని.

దీని తిరుగుడు వైపు ఎండెన్. 1914లో ఆ జర్మన్ క్రూయిజర్‌కి బంగాళాఖాతంలో ఒక్క రేవూ లేదు. కెప్టెన్ ముల్లర్ రేవుని వెంట తెచ్చుకున్నాడు. మార్కొమానియా అనే బొగ్గు ఓడ పక్కనే నడిచింది. సెప్టెంబరు 10న పొంటొపొరస్ అనే గ్రీకు ఓడని పట్టుకున్నాడు, దాన్నిండా బొగ్గే. తర్వాత బురెస్క్ దొరికింది, అందులోనూ బొగ్గే. సెప్టెంబరు 22 రాత్రి మద్రాసులో చమురు ట్యాంకులు తగలబెట్టాడు. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర సిడ్నీ అనే ఆస్ట్రేలియా క్రూయిజర్ దాన్ని పట్టుకునేదాకా అలా నడిచింది. యూరోపా ఆటలో ఇలాంటి ఓడని ఆడించలేం, ఎందుకంటే శత్రువు సరుకుతో మన ఓడ బలం పెరగదు.

ఆ వెలితి తీర్చుకోవడానికి నేను సొంతంగా ఒక నియమం పెట్టుకున్నాను, మీరూ ప్రయత్నించండి. సముద్రం దాటి దిగిన సైన్యానికీ నా రేవుకీ మధ్యనున్న నీళ్ళలో వరుసగా రెండు నెలాఖరులు శత్రువు ఓడలు ఉంటే, ఆ సైన్యం ముందుకి కదలకూడదు. పట్టుకున్న ప్రాంతంలోనే కూర్చుంటుంది. ఆట బలవంతపెట్టదు, నేనే ఆపుతాను. దీనివల్ల యుద్ధాలు పొడుగవుతాయి, కానీ ఓడలకి అసలైన పని దొరుకుతుంది. ఇదంతా ఆటే లెక్కపెట్టాలని కోరుకునేవాళ్ళు రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చిన హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 అనే ఆట ఆడొచ్చు. అందులో సముద్రం దాటిన సైన్యానికి కాన్వాయ్ ఓడలే తిండి మోస్తాయి, అవి మునిగితే సైన్యం ఎండిపోతుంది. 1942 ఏప్రిల్‌లో జపాన్ ఓడలు బంగాళాఖాతంలో కొద్ది రోజుల్లోనే 20కి పైగా వర్తక ఓడల్ని ముంచాయి, ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. ఆ ఆటలో బర్మా నుంచి ఇటు ఆడి చూస్తే ఆ వారం ఎంత భయంగా గడిచిందో తెలుస్తుంది.

మళ్ళీ మన ఆటకి వస్తే, ఇంకొక్కటి మిగిలింది. సంధి కుదిరిందని వెంటనే మెయింటెనెన్స్ మీట కిందికి లాగకండి. పరాయి నేల మీద దిగిన సైన్యం ఇంకా అక్కడే ఉంటుంది, వాళ్ళని ఇంటికి తేవాలి, దారిలో ఓడలు అరుగుతూనే ఉంటాయి. ముందు సైన్యాన్ని ఎక్కించండి, దారిలో మిత్రుడి రేవులో ఒక నెల ఆపండి, తర్వాత మన తీరానికి తీసుకురండి. అన్ని ఓడల పక్కనా 100 కనిపించాక, అప్పుడు మీట లాగండి. రెండో మలక్కా యుద్ధం తర్వాత పెగు రేవులో ఓడలు బాగవుతుంటే మావ తెర వైపు వంగి ఒక్కో అంకె చదివాడు. ఆ రోజు జూన్ 13. మర్నాడు పొద్దున్నే విశాఖ బస్సెక్కాలి, బోటుకి ఐసు చెప్పి ఉంచాడు.